మా గల్లీకొచ్చిన ఆఫ్రికా నవల

పోయినేడు వానాకాలంలో నేనొక అబద్ధమాడాను. మా డిగ్రీ కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో "తీరిక దొరికితే మీరంతా ఏం చేస్తారు?" అని అడిగారు. ఒకామె కుండీల్లో గులాబీలు పెంచుతానంది. ఒకతను రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తానని చెప్పి, చెమటతో తడిసిన ఫొటో కూడా పెట్టాడు. నాకు రోషం వచ్చింది. "ఆఫ్రికా సాహిత్యం చదువుతాను" అని రాసి పంపేశాను.

ఒకప్పుడు చదివేదాన్నే. నిజామాబాద్‌లో డిగ్రీ చేసే రోజుల్లో మా ఇంగ్లీషు మేడం దగ్గర ఒక బీరువా నిండా ఆఫ్రికా దేశాల నవలలుండేవి. అడిగితే ఇచ్చేది. అప్పటిదాకా నాకు తెలిసిన ఇంగ్లీషు నవలల్లో మనుషులు మంచు కురుస్తుంటే చలిమంట ముందు కూర్చుని ఒకరి మనసు ఒకరికి చెప్పుకోలేక బాధపడేవాళ్లు. నాకా మంచూ తెలియదు, మనసులో మాట చెప్పకుండా ఊరుకునే మనుషులూ తెలియదు. మేడం ఇచ్చిన నవలల్లో మాత్రం దుమ్ము లేచేది. మేకలు ఇంట్లోకి దూరేవి. బస్సు రావలసిన వేళకు రాకపోయేది. పెళ్లి మాట ఎత్తగానే మేనత్తలు ఎక్కడెక్కడి నుంచో దిగేవాళ్లు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినా, ఆ ఊళ్లు నాకు ఏర్గట్ల పక్కనే ఉన్నట్టు అనిపించేవి. ఏర్గట్ల మా అమ్మగారి ఊరు.

తర్వాత పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది, పిల్లలయ్యారు. కాపురం నిజామాబాద్‌లోనే, ఉద్యోగం మాత్రం బోధన్‌కు బదిలీ అయింది. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. పుస్తకాలతో నాకు గొడవేం జరగలేదు. రాకపోకలు తగ్గి ముఖం మరిచిపోయిన చుట్టాల్లా అయిపోయామంతే.

అబద్ధం పంపిన ఐదు నిమిషాల్లోనే మా మేడం జవాబిచ్చింది. రిటైరై బాల్కొండలో ఉంటోందని విన్నాను కానీ ఆమె కూడా ఆ గ్రూపులో ఉందని నాకు గుర్తులేదు.

"చాలా సంతోషం. ఇప్పుడు ఏది చదువుతున్నావు?"

ఇల్లంతా వెతికాను. మిక్సీ గ్యారంటీ కాగితాల కింద, బీరువా పై అరలో ఒకే ఒక్క ఆఫ్రికా నవల దొరికింది. దాని పేరు రాసి పంపాను.

"మంచి పుస్తకం. నా దగ్గర కూడా ఒకటుండేది. ఎవరో తీసుకుపోయి మళ్లీ ఇవ్వలేదు" అని వచ్చింది. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

పుస్తకం మొదటి పేజీ తెరిచాను. నీలి సిరాతో మేడం పేరుంది. ఫైనలియర్‌లో నేను తీసుకున్నదే.

అబద్ధానికి తోడు దొంగతనం కూడా కలిసేసరికి, కనీసం చదివైనా తీరాలనుకున్నాను. ఆ సాయంత్రం నాలుగు పేజీలు చదివి కునికాను. మర్నాడు మూడు. ఆ మూడు పేజీల మధ్య ఏడుసార్లు ఫోను చూశాను. చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నాను, అయినా లోపలికి పోవడం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో వారానికి రెండు నవలలు మింగిన మనిషినేనా అని నా మీద నాకే జాలేసింది.

సరిగ్గా ఆ వారమే మా అవ్వ, అంటే మా అమ్మ, కంటి ఆపరేషన్ కోసం ఏర్గట్ల నుంచి మా ఇంటికి వచ్చింది. ఒక కంట్లో శుక్లం తీశారు. రెండో కన్ను అప్పటికే మసక. డాక్టరు నల్లద్దాలిచ్చి, నెల రోజులు పొగ, దుమ్ము తగలకూడదు, తలవంచి పని చేయకూడదు, టీవీ చూడకూడదు అని చెప్పాడు. మా అవ్వ నలభై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. తునికాకు, తంబాకు ఉన్న చాట ఒళ్లో లేకుండా కూర్చోవడం ఆమెకు తెలియదు. వేళ్లు వాటంతటవే చీర కొంగును చుట్టేవి, విప్పేవి. సీరియల్ చూడొద్దన్నారు కదా, వింటానంది. రెండు రోజులకే అదీ విసుగొచ్చింది.

"అందరొక్క తీరే ఏడుస్తున్నరు బిడ్డా. ఎవరేడుస్తున్నరో తెలుస్తనే లేదు" అంది.

మూడో రోజు సాయంత్రం నేను పుస్తకం ముందు కునుకుతుంటే, మంచం మీంచి అడిగింది. "గా బుక్కు పట్టుకొని రోజు తూలుతున్నవ్ గదా. గదే జర పైకి సదువు. ఇద్దరికీ నిద్ర పడ్తది."

అలా మొదలైంది. పుస్తకమేమో ఇంగ్లీషు, మా అవ్వకు సంతకం తప్ప రాదు. వాక్యం చూసుకుని, మా ఇంటి తెలుగులోకి మార్చి చెప్పాలి. కథ ఒక నది ఒడ్డు సంత ఊళ్లో జరుగుతుంది. ఒకామె చేపలను పొగబెట్టి ఎండించి అమ్ముతుంది. ఆమె భర్త లారీ నడుపుతాడు. ఒకసారి లారీలో సరుకుతో పాటు రెండో భార్యను కూడా దించుతాడు. ఇద్దరి ఇళ్లూ ఒకే వాకిట్లో, ఎదురెదురు గుమ్మాలు.

"గా పేర్లు నా నోట్లె తిరుగయి" అని అవ్వ మొదటి పూటే తేల్చేసింది. పెద్దభార్య చేపలామె అయింది. రెండో ఆమె చిన్నామె. భర్త లారాయన. ఆ తర్వాత ఇంట్లో ఎవరమూ వాళ్లను వేరే పేరుతో పిలవలేదు.

ఆ పూట ఇద్దరిలో ఎవరికీ నిద్ర పట్టలేదు. లారాయన చిన్నామెను దించేటప్పుడు చేపలామె ఒక్క మాటా అనకుండా, పొయ్యిలో తడి కట్టెలు పెట్టి వాకిలంతా పొగ నింపుతుంది. "మంచి పని చేసింది" అని మా అవ్వ మంచం పట్టె మీద చరిచింది. "దగ్గుకుంట చావనీ."

చదవడం మొదలైన రెండో రోజు, మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే గోడ పక్కింటామె అవ్వ కన్ను ఎలా ఉందో చూసిపోదామని వచ్చింది. ఖాలాకు డెబ్బై ఏళ్లు. చీరలకు ఫాల్ కుడుతుంది. తరాలుగా వాళ్లది ఈ గల్లీయే. పలకరించి పోదామని వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే నిలబడి అరగంట వింది.

"సవతినా?" అంది.

"ఆ, సవతే ఆపా" అంది అవ్వ.

ఖాలా లోపలికొచ్చి కూర్చుంది. మర్నాడు సూదీ దారం, ఫాల్ కుట్టాల్సిన చీర కూడా వెంట తెచ్చుకుంది.

నాకొక కష్టం ఉండేది. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి, వంట చేసి, పుస్తకం పట్టుకుంటే రచయిత నది గురించి రెండు పేజీలు రాసి పెట్టేవాడు. ఏ నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, ఏ పడవకు ఏ అతుకు వేశారు అని. ఒకరోజు మెల్లగా మూడు పేజీలు కలిపి తిప్పేసి "మర్నాడు పొద్దున లారాయన లేచిండు" అన్నాను.

"ఆగు" అంది అవ్వ. "ఒక్కసారే మూడు తిప్పినవ్."

"లేదవ్వా."

"కండ్లు మూసిండ్రు గని చెవులు మూయలే. నలభై ఏండ్లు ఆకు లెక్కవెట్టిన. ఒక ఆకు చప్పుడేదో, మూడాకుల చప్పుడేదో నాకు తెల్వదా? ఏమున్నది గండ్ల?"

"ఏం లేదు. నది గురించి."

"నదే సదువు. ఆమె చేపలెక్కడికెల్లి వస్తయనుకున్నవ్?"

గతిలేక చదివాను. చదువుతుంటే, ఎండాకాలం ఆఖరులో ఆ నది సన్నబడి రాళ్లు బయటపడటం, ఆడవాళ్లు నీళ్లకోసం ఇసుకలో చెలిమలు తీయడం, ఒక ముసలి పడవవాడు నీళ్లు లేకున్నా రోజూ వచ్చి పడవలో కూర్చోవడం అన్నీ వచ్చాయి. పడవవాడి పేరా ఎవరూ అడగకుండానే రెండోసారి చదివాను. డిగ్రీలో ఈ పేజీలను కూడా నేను గబగబా దాటేసే ఉంటాను, ఒక్క ముక్కా గుర్తులేదు. ఖాలా సూది ఆపి, "ఆ పడవాయనకు బీవీ లేదా?" అని అడిగింది. పెళ్లాం ఉందో లేదో రచయిత చెప్పలేదన్నాను. "చెప్పాల్సింది" అని మళ్లీ కుట్టుకోసాగింది.

ఆ రోజు నుంచి నేను ఆగలేకపోయాను. పుస్తకం సంచిలో వేసుకుని బోధన్ బస్సులో చదవడం మొదలుపెట్టాను. ఎరువు ట్రాక్టరు ముందు పడితే ఇదివరకు డ్రైవరుతో పాటు నేనూ తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఇంకో రెండు పేజీలు దొరికాయని సంతోషపడ్డాను. ఒక పొద్దున బస్సులో చదువుతున్నాను. కథలో చిన్నామె గోడ చాటు నుంచి చేపలకు పొగబెట్టే విద్య దొంగతనంగా నేర్చుకుంటోంది. తల ఎత్తి చూసేసరికి చుట్టూ అందరూ మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. బోధన్ దాటి మహారాష్ట్ర సరిహద్దు దాకా వచ్చేశాను.

"మేడం, బోధన్ల దిగేదుండె గదా మీరు?" అన్నాడు కండక్టరు. రోజూ చూసే మనిషే.

"అరవలేదేం?"

"రెండుసార్లు అరిసిన. మీరు బుక్కులకెల్లి తల తీస్తే గద."

వెనక్కి వచ్చే బస్సెక్కి ఆఫీసుకు గంట ఆలస్యంగా చేరాను. మా పోస్ట్‌మాస్టర్‌కు బస్సు చెడిపోయిందని చెప్పాను. అబద్ధాలు అలవాటైపోతున్నాయి అనుకున్నాను కానీ చిత్రంగా దిగులేం వేయలేదు.

సాయంత్రం అదే భాగం అవ్వకు చదివి వినిపిస్తుంటే మళ్లీ పట్టుబడ్డాను.

"నువ్వు ముందే సదివినవ్" అంది.

"ఎట్ల తెలిసింది?"

"చిన్నామె గోడ చాటుకెల్లి సూస్తున్నది. చేపలామె యాడ సూస్తదో అని నా పాణం కొట్టుకుంటున్నది. నీ గొంతుల భయమే లేదు. మల్ల గిట్ల చేస్తే నేను సీరియలే ఇంట."

ఈ పుస్తకంలో ఇంకొక మనిషి కూడా ఉంది. అంచుల్లో పెన్సిలు రాతలు. లారాయన ఉపన్యాసం దంచిన చోట "అబద్ధాలకోరు" అని. చేపలామె ఓర్చుకున్న చోట "ఎందుకు ఊరుకుంది? ఎందుకు?" అని, రెండో "ఎందుకు" కింద కాగితం చిరిగేలా గీత. మేడం రాతలవి. సరదాకు ఒకటి రెండు చదివి వినిపిస్తే అవ్వకు నవల కన్నా అవే నచ్చాయి. ఆమెకు పెన్సిలామె అని పేరు పెట్టింది. ప్రతి పేజీ చివరా "పెన్సిలామె ఏమన్నది?" అని అడిగేది. ఏమీ అనకపోతే నిరాశపడేది.

ఆ ఉత్సాహంలో నేను గ్రూపులో రాశాను, మా అమ్మకు నవల చదివి వినిపిస్తున్నానని. ఈసారి నిజం రాసిన గర్వంతో రాశాను. మేడం జవాబు వెంటనే వచ్చింది. "చివరి భాగం చదివేటప్పుడు నేనూ వింటాను. ఆదివారం వస్తున్నా."

శనివారం సాయంత్రం పుస్తకానికి పాత దినపత్రికతో అట్ట వేశాను. నీలి సిరా పేరున్న మొదటి పేజీని అట్ట మడతలోకి తోసి నాలుగు వైపులా స్టేప్లర్ కొట్టాను. బడి పిల్లల నోట్‌బుక్కులా తయారైంది.

ఆదివారం మధ్యాహ్నం మేడం బాల్కొండ నుంచి బస్సులో వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం తరగతి గదిలో చివరి బెంచీకి వినపడే గొంతే. ఉడకబెట్టిన పల్లికాయ తెచ్చింది. పుస్తకం అట్టను ఒకసారి చూసింది. కుర్చీలో కూర్చుంది. అవ్వ మంచం మీద, ఖాలా గోడకు ఆనుకుని. నేను మొదలుపెట్టాను.

రెండు పేరాలయ్యాయో లేదో మేడం చెయ్యెత్తింది. "ఇక్కడొక్క నిమిషం. ఈ లారీ అనేది తెల్లవాళ్ల పాలన తరువాత వచ్చిన కొత్త అధికారానికి..."

"మేడం" అంది అవ్వ మర్యాదగానే. "జర ఆగుండ్రి. లారీ సంగతి తరువాత చెప్పుండ్రి. కథ నడువనియ్యుండ్రి."

ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి నోరు మూసుకుంది. ఒక పల్లికాయ ఒలుచుకుంది.

కథ ముదిరింది. లారాయన చిన్నామె మీద చెయ్యి చేసుకుంటాడు. చేపలామె ఎదురు గుమ్మంలో నిలబడి చూస్తుంది. అధ్యాయం అయిపోయింది.

"పెన్సిలామె ఏమన్నది?" అంది అవ్వ.

నేను పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాను. "ఇక్కడేం రాయలేదవ్వా."

"గింత పెద్ద లొల్లి అయితే ఆమె ఊకుంటదా? దాయకు, సదువు."

"పెన్సిలామె ఎవరు?" అంది మేడం.

"ఈ బుక్కు ముందుగాల ఎవరి దగ్గరుండెనో ఏమో మేడం" అని అవ్వ ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టింది. "అంచుల పొంటి రాసి పెట్టింది. తెలివైన మనిషే గని ఎంత కోపమో! నాకనిపిస్తది, ఆమె ఇంట్ల ఏదో కష్టమున్నది. మొగడు మంచోడు కాదేమో. లేకుంటే బుక్కుల మొగని మీద గంత కోపమెందుకు?"

ఖాలా తల ఊపింది. నేను నేల వైపు చూస్తున్నాను. మేడం చెయ్యి చాపింది. "ఇటియ్యి."

ఇచ్చాను. పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరగా చూసింది.

"మొగడు మంచోడేనమ్మా" అంది చివరికి. "మా అత్తతోనే వేగలేకపోయిన."

అవ్వకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక నాలుక కరుచుకుంది. "అయ్యో! మేడం, నేను గదేదో నోటికొచ్చినట్టు..." అని మంచం మీంచి లేవబోయింది. మేడం నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఖాలా కూడా నవ్వింది. నేనొక్కదాన్నే నవ్వలేకపోయాను.

"నా దగ్గరే ఉండిపోయింది మేడం" అన్నాను. "ఆ రోజు గ్రూపులో రాసింది కూడా అబద్ధమే. చదవడం మానేసి పద్దెనిమిదేళ్లయింది."

"తెలుసు. నువ్వు పేరు పెట్టినప్పుడే తెలిసింది. ఈ పుస్తకం మన జిల్లాల ఇంకెవరి దగ్గర లేదు."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేస్తవు. ఇచ్చేస్తే చదువవు" అంది. పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "కానియ్యి, ఆఖరిది మిగిలింది."

ఆఖరి అధ్యాయం చిన్నది. ఒక పొద్దున చిన్నామె కనపడదు. ఆమె చెప్పులు మాత్రం చేపలామె గుమ్మం ముందు ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి. లారాయన సంతంతా వెతుకుతాడు. నది ఒడ్డు వెతుకుతాడు. లారీ అడ్డాలో అందరినీ అడుగుతాడు. చేపలామె పొయ్యి దగ్గర చేపలు తిరగేస్తూ ఉంటుంది. అంతే, పుస్తకం అయిపోయింది.

"ఎటు పోయింది మరి?" అంది అవ్వ.

ఇప్పుడు ఎవరూ ఆపరని మేడం ముందుకు వంగింది. భర్త కొనిచ్చిన చెప్పులు కూడా వద్దని, ఉత్త కాళ్లతో స్వేచ్ఛ వైపు నడిచిపోయిందని చెప్పింది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఈ కథ నోటితో చెప్పినప్పుడల్లా అలాగే చెప్పానంది. బాగా చెప్పింది.

ఖాలా దారం కొరికి, ముడి వేసి, అప్పుడు నోరు విప్పింది.

"యే కైసే మేడం? ఆమె యాడికి పోలే."

"ఏంది ఆపా?" అంది అవ్వ.

"చెప్పులు గుమ్మం బయట ఉన్నయ్ అంటే మనిషి లోపట ఉన్నట్టు గదా. దూరం పోయేటోళ్లు చెప్పులు ఏస్కొని పోతరు. ఇంట్లకి పోయేటోళ్లే ఇడుస్తరు. చిన్నామె లోపటున్నది. పెద్దామె దాచిపెట్టింది. ఆ లారీవాలా బేవకూఫ్ ఊరంత దేవులాడుతున్నడు."

మేడం నా ఒళ్లోంచి పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పింది. నేనూ తల దూర్చాను. ఇద్దరమూ ఒకేసారి ఆ వాక్యం దగ్గర ఆగాం. అంతకు ముందు పేజీలో, లారాయన వెతుకుతున్న రోజు రాత్రి చేపలామె తిన్న తరువాత రెండు గిన్నెలు కడిగిందని ఉంది. చిన్న వాక్యం. మేడం ముప్పై ఏళ్లు, నేను రెండుసార్లు దాటేసిన వాక్యం.

మేడం సంచిలోంచి పెన్సిలు తీసి, ఖాలా చెప్పిన మాట అంచులో రాసింది.

"నా పేరు రాసినవా?" అంది ఖాలా.

"రాసిన ఆపా."

"ఉర్దూల గూడ రాయి" అంది ఖాలా. మేడంకు ఉర్దూ రాయడం రాదు. ఖాలాయే పెన్సిలు తీసుకుని, నెమ్మదిగా, కుడి నుంచి ఎడమకు తన పేరు రాసుకుంది.

మేడం పుస్తకం తీసుకుపోలేదు. ఇంకో నాలుగు పంపుతానని చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్లింది. పార్సిల్ రెండు వారాల్లో వచ్చింది. ఆలోగా డాక్టరు అవ్వ నల్లద్దాలు తీసేశాడు. ఇంటికి రాగానే ఆమె అడిగిన మొదటి వస్తువు ఆ నవలే. దినపత్రిక అట్ట విప్పి చూపించాను. లోపలి అసలు అట్ట మీద, నెత్తిన బుట్టతో ఒకామె బొమ్మ ఉంది, సన్నగా, నడుము ఒంపుతో.

"గీమెవరు?"

"చేపలామె, అవ్వా."

అవ్వ కొత్త కంటితో కాసేపు చూసింది. "కాదు" అని తిరిగిచ్చేసింది. "బొమ్మ గీసినాయన కథ సదువలే."

అవ్వ ఏర్గట్ల వెళ్లిపోయింది. చాట మళ్లీ ఒళ్లోకి వచ్చింది. ఇప్పుడు ఆదివారాలు ఫోనులో చదువుతున్నాను. అక్కడ అవ్వ స్పీకరు పెట్టి ఫోనును గూట్లో ఉంచుతుంది, చుట్టూ నలుగురైదుగురు బీడీలు చేసే ఆడవాళ్లు. ఇక్కడ నా పక్కన ఖాలా. కొత్త నవల ఇసుక దేశానిది. ఒక ముసలామె పదకొండు మేకలతో, కొడుకుల మీద అలిగి, ఎడారికి అడ్డంగా నడుస్తోంది. నేను ముందుగా చదవడం లేదు. బస్సులో వేరే పుస్తకం చదువుతాను, ఇది ఆదివారం దాకా ముట్టను.

మొన్న చదువుతుంటే మధ్యలో ఫోనులోంచి ఒక కొత్త గొంతు వినిపించింది. "అక్కా, ఆగు. మేకలు పదకొండన్నవ్. బాయి కాడ పదే తాగినయి. ఇంకోటేదీ?"

పేజీ వెనక్కి తిప్పి చూశాను. నిజమే, పదే తాగాయి.

"నాకూ తెలువదు. సూద్దాం" అన్నాను. ఖాలా సూది పక్కన పెట్టి ఫోనుకు దగ్గరగా జరిగింది.